లిఫ్టుకు మధ్యాహ్నపు సెలవు

ఆ భవనంలో ఆయన్ని అందరూ మీటరాయన అనేవారు. ఎదుటపడితే సెక్రటరీగారూ అని, వెనక్కి తిరిగితే మీటరాయన అని. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బిరుదులాగే పుచ్చుకున్నాడు. ఎందుకు పుచ్చుకోడు! రోజూ రెండు పూటలా కింద కరెంటు మీటర్ల గదికి వెళ్ళి, ఏ ఇంటి మీటరు ఎంత జోరుగా పరిగెడుతోందో చూసి, "మీ ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడుతున్నట్టు లేదండీ" అని వాళ్ళ గుమ్మంలో నిలబడి చెప్పగల మనిషి ఇంకెవరున్నారు?

ఫ్యాక్టరీ స్టోరు రూములో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క బోల్టు ఆయన కన్నుగప్పి గడప దాటలేదని చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఇల్లే స్టోరు రూమైంది. అరిగి రేకులా అయిన సబ్బుబిళ్ళను కొత్త సబ్బుకు అతికించాలి. టూత్‌పేస్టు గొట్టాన్ని నిలువునా కోసి లోపల గీకాలి. ఇంట్లో ఒక్క లైటే వెలగాలి, మనిషితోపాటు వెలుతురు కూడా గది మారాలి. భార్య వంటింట్లోంచి హాల్లోకి వస్తూ లైటు తియ్యడం మరిచిపోయిందనుకోండి, ఆయన అరవడు. అదే చిత్రం. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. లేచి వెళ్ళి, స్విచ్చి టక్కుమని తీసి, వచ్చి కూర్చుని, ఆమె వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తినడం నయం.

పిల్లలు లేరు. "మరి ఈ దాచేదంతా ఎవరికండీ?" అని ఎవరైనా అడిగితే "అవసరానికి" అనేవాడు. ఆ అవసరం ఎలా ఉంటుందో, ఎటునుంచి వస్తుందో మాత్రం చెప్పేవాడు కాదు. పన్ను పోటుతో చెంప వాచినప్పుడు అదే అవసరమేమో అనుకుంది ఆమె. కాదన్నాడు. వానకు పడకగది గోడ చెమ్మెక్కి పెచ్చులూడినప్పుడు అనుకుంది. అదీ కాదన్నాడు. ఏ అవసరం వచ్చి గుమ్మంలో నిలబడినా దాన్ని ఎగాదిగా చూసి, నువ్వు కాదులే పో అని పంపించేసేవాడు.

ఆయన్ని సెక్రటరీని చేసింది కూడా ఈ గుణం చూసే. పాత భవనం, నాలుగంతస్తులు, నెలనెలా పెరిగిపోయే ఖర్చు. ఆయన వచ్చాక ఆ ఖర్చు దిగడం మొదలెట్టింది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. ఎలా దిగిందని అడిగినవాడు ఒక్కడు లేడు. తరవాత ఆయన్ని ఆడిపోసుకున్నవాళ్ళంతా ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళేనని నేను ముందే చెప్పి పెడుతున్నాను.

మెట్ల మీది బల్బులు అంతస్తు విడిచి అంతస్తు పీకేశాడు. లిఫ్టు కంపెనీతో ఏటేటా రాసుకునే ఒప్పందం మాన్పించేశాడు. చెడ్డప్పుడు పిలిచి బాగు చేయించుకుంటే పోలేదా అన్నాడు. బయటినుంచి లిఫ్టు తలుపు తెరిచే తాళంచెవికి కంపెనీవాళ్ళు విడిగా డబ్బడిగితే, మీ తాళంచెవి మీరే ఉంచుకోండని తిరిగిచ్చేశాడు. లోపలి గంటను పిల్లలు ఊరికే మోగిస్తున్నారని వైరు ఊడదీశాడు. లిఫ్టు కదులుతున్నప్పుడు కింద తలుపు మీద వెలిగే ఎర్రబల్బు మాడిపోతే, "లిఫ్టు వస్తే కనబడదా ఏం?" అని దాన్ని అలాగే వదిలేశాడు.

వీటన్నిటినీ మించిన తెలివి మధ్యాహ్నపు సెలవు. భోజనాల వేళ దాటాక, బడి పిల్లలు తిరిగొచ్చే నాలుగింటి వరకూ లిఫ్టుతో ఎవరికి పని? అందుకని రోజూ ఆ వేళకు కిందికి దిగి, మీటర్ల గదిలో లిఫ్టుకు కరెంటు వెళ్ళే మెయిన్‌స్విచ్చి హ్యాండిలు కిందికి లాగేసేవాడు. మళ్ళీ నాలుగింటికి పైకి నెట్టేవాడు. లాగేముందు లిఫ్టు తలుపుకు చెవి ఆనించి వినేవాడు. చప్పుడు లేకపోతే ఖాళీ అన్నమాట. కానీ మోటారున్నది మేడ మీది గదిలో. కింద నిలబడ్డవాడికి దాని చప్పుడు అందదు. పైగా తలుపు దగ్గరనుంచి మీటర్ల గదికి ఆ పక్క సందులోంచి తిరిగి వెళ్ళాలి. ఆయన వెళ్ళేలోగా ఎవరైనా లిఫ్టెక్కితే? స్టోరు రూములో ఒక్క బోల్టు పోనివ్వని మనిషికి ఆ ప్రశ్నే తట్టలేదు.

ఆ రోజు భార్యాభర్తలిద్దరూ తొందరగా భోంచేశారు. ఆమె చెల్లెలికి కాలు బెణికిందట, చూసొస్తానని బయల్దేరింది. రెండు బస్టాపుల దూరం.

"బస్సెందుకు? నడిస్తే ఒంటికి మంచిది" అన్నాడు.

ఆమె తలూపింది.

ఆమెకు ఉబ్బసం. చల్లగాలి తగిలినా, దుమ్ము లేచినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క ఇంటికొచ్చి ఒకే ఒక్కసారి అంది.

"డాక్టర్లు అలాగే అంటారు. నెమ్మదిగా ఎక్కితే ఏం కాదు. సెక్రటరీ పెళ్ళామే లిఫ్టులో ఊరేగుతుంటే మిగతావాళ్ళకి నేనేం చెప్పను?" అన్నాడు. అప్పట్నుంచి ఆమె మెట్లే ఎక్కుతోందని ఆయన నమ్మకం.

ఆమె వెళ్ళాక కాసేపు పేపరు చదివాడు. అదీ పక్కింటివాళ్ళది, నిన్నటిది. తరవాత కిందికి దిగాడు. తలుపుకు చెవి ఆనించాడు. చప్పుడు లేదు. సందులోంచి వెళ్ళి హ్యాండిలు లాగాడు. ఎవరి ఇంట్లో మీటరు ఎలా పోతోందో తీరిగ్గా చూసుకున్నాడు. ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కాడు. ఫ్యాను వేసుకోకుండా కిటికీ తెరిచి, నేల మీద పడుకుని, హాయిగా నిద్రపోయాడు.

ఫోను మోగితే మెలకువ వచ్చింది. ఆ ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. ఇంట్లో ఉండే మనుషులకు రెండెందుకని భార్యకు కొనలేదు. ఆ ఒక్కదాంట్లోనూ బయటికి మాట్లాడేందుకు డబ్బులుండవు, వచ్చేవి అందుకోవడానికే. అవతల మరదలు.

"బావగారూ, అక్క బయల్దేరిందా? వస్తానంది కదా, ఇందాకట్నుంచి చూస్తున్నాను."

"బయల్దేరడమేంటి, ఎప్పుడో వచ్చేసిందిగా మీ ఇంటికి!"

"రాలేదే!"

"సరిగ్గా చూడు" అన్నాడు. అన్నాక ఆ మాట ఎంత వెర్రిగా ఉందో ఆయనకే తెలిసింది. మనిషేమన్నా సూదా, వెతికి చూడటానికి?

"బస్సెక్కిందా బావగారూ?"

ఫోను పెట్టేశాడు.

గోడ గడియారం మూడున్నర దాటింది. రెండు స్టాపులు పాక్కుంటూ వెళ్ళినా ఈపాటికి చేరాలి. మొదట ఆయనకు కోపం వచ్చింది. దారిలో ఏ దుకాణంలో దూరిందో, ఏం కొంటోందో అనుకున్నాడు. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆమె చేతిలో కొనేటంత డబ్బెక్కడిది? ఇచ్చేది తనేగా. కోపం జారిపోగానే దాని కింద ఉన్న భయం బయటపడింది. రోడ్డు తవ్వి పోశారు, దుమ్ము. ఆమె ఎక్కడైనా పడిపోయిందా? పడిపోతే ఎవరు లేపుతారు? ఎవరింటి మనిషని అడిగితే చెప్పేందుకు గొంతు పెగులుతుందా?

అల్మారా తీసి చూశాడు. ఆమె ఉబ్బసం మందు, నోట్లో పెట్టుకుని పీల్చే చిన్న గొట్టం, ఎప్పుడూ పెట్టే చోట లేదు. సంచిలో వేసుకెళ్ళింది. పోనీలే అనుకుని ఊపిరి తీసుకున్నాడు.

చెప్పులు తొడుక్కుని గబగబా మెట్లు దిగాడు. బల్బు లేని అంతస్తులో కాలు తడబడి గోడ పట్టుకున్నాడు. ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపు పక్కనుంచే దిగాడు. దానివైపు చూడను కూడా లేదు.

కింద వీధి వైపు టైలరు కొట్టుంది. ఆ టైలరు ఆయన్ని బాబాయ్‌గారూ అంటాడు, ఆమెను పిన్నిగారూ అంటాడు. మిషను తొక్కుతూనే తలెత్తాడు.

"ఏంటి బాబాయ్‌గారూ ఆ పరుగు? ఎవరింట్లోనైనా లైటు వెలుగుతోందా?"

"మీ పిన్ని ఇటు వెళ్ళడం చూశావా? చెల్లెలింటికని వెళ్ళింది, చేరలేదట."

టైలరు కాలు ఆగింది. "పిన్నిగారా? ఆవిడ వెంటనే తిరిగొచ్చేశారుగా! వీధి చివరిదాకా వెళ్ళినట్టున్నారు, ఆయాసపడుతూ వచ్చారు. మంచినీళ్ళిమ్మంటారా అంటే వద్దని చెయ్యూపి లోపలికెళ్ళిపోయారు. అదేంటో, గేటు దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు."

"చెప్పులెందుకు విప్పింది?"

"నాకేం తెలుసండీ. మీరప్పుడు లిఫ్టు దగ్గరే ఉన్నారుగా. మీరు సందులోకి తిరిగేదాకా ఆగి, అప్పుడు లోపలికెళ్ళారు."

ఇంట్లో లేదు. మెట్ల మీద లేదు. చెప్పులు చప్పుడు చేస్తాయని చేత పట్టుకుంది. తను సందులోకి తిరిగేదాకా ఆగింది. ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే చివరికి మిగిలేది ఒకే చోటు.

"లిఫ్టు" అన్నాడు.

మీటర్ల గదికి ఎలా చేరాడో ఆయనకు తెలీదు. హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని పైకి నెట్టాడు. పైన ఎక్కడో లిఫ్టు ఒక్క కుదుపు కుదిపింది. పెట్టెలో నీలం మంట లేచి, టప్పుమని ఆరిపోయి, కాలిన వాసన కొట్టింది. ఫ్యూజు పోయింది. పోయిన నెల కాలిపోతే కొత్తది తెప్పించకుండా, పాత వైరు ముక్కలోంచి తీగ లాగి తన చేత్తో తనే చుట్టిన ఫ్యూజు అది. ఆ రోజు ఎంత మురిసిపోయాడో!

టైలరు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు, ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపు బాదుతూ. "ఇక్కడ బాబాయ్‌గారూ! రెండుకీ మూడుకీ మధ్య!" అని పైనుంచి కేక వేశాడు.

మూడో అంతస్తు తలుపుకు మొహం ఆనించి పిలిచాడాయన. "ఏమే! ఉన్నావా? ఏమే!"

లోపల రేకు మీద గోరుతో గీకినట్టు చిన్న చప్పుడు. ఆ తరవాత, చాలా కిందనుంచి వస్తున్నట్టు గొంతు.

"నేనేనండీ. కోప్పడకండి."

ఉందని తెలిసినందుకు సంతోషించాలో, ఆ మాటకు ఏడవాలో ఆయనకు తెలియలేదు. మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడుతోంది. గాలి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటోంది.

"కోపం లేదు, కోపం లేదు. మందు పీల్చావా?"

"పీల్చాను."

"లోపల లైటుందా?"

"లేదు. ఫర్లేదు. అలవాటేగా."

టైలరు ఇనుపరాడ్డు తెచ్చి తలుపుల సందులో దూర్చి లాగాడు. తలుపు వెంట్రుకవాసి కదిలి మళ్ళీ మూసుకుంది. "తాళంచెవి లేందే రాదు. ఎక్కడుంది బాబాయ్‌గారూ?"

"లేదు."

"లేదంటే?"

"కంపెనీకి ఇచ్చేశాను."

టైలరు ఆయన మొహంలోకి చూశాడు. జేబులోంచి తన ఫోను తీసి ఇచ్చాడు. లిఫ్టు మెకానిక్కు నంబరు ఆయనకు కంఠతా వచ్చు. ఎన్నిసార్లు బేరమాడాడు దాంతో!

"నేను సెక్రటరీని. లిఫ్టులో మనిషి ఇరుక్కుంది. వెంటనే రావాలి" అన్నాడు.

"ఒప్పందం లేదు కదా సార్. ఒప్పందం లేనివాళ్ళకి వరసలో వస్తాం. వేరేచోట పనిలో ఉన్నా. సాయంత్రం చూద్దాం."

"ఎంతైనా ఇస్తాను."

"ఎవరండీ మాట్లాడేది? గొంతు ఆయనదే గానీ మాట ఆయనది కాదే!"

"బాబూ, లోపలున్నది నా భార్య. ఉబ్బసం మనిషి. ఎంతంటే అంత ఇస్తాను. అడిగింది ఇస్తాను. నువ్వు రా, నీకు దణ్ణం పెడతా."

మెకానిక్కు గొంతు మారిపోయింది. "వస్తున్నా. హ్యాండిలు ముట్టుకోకండి. మేడ మీద మోటారు గది తాళం తీసి ఉంచండి. ఆవిడతో మాట్లాడుతూ ఉండండి. తలుపుకి మొహం దగ్గరపెట్టి కూర్చోమనండి."

మోటారు గది తాళంచెవి ఆయన దగ్గర అందుకుని టైలరు మేడ మీదికి పరిగెత్తాడు. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న రెండో అంతస్తు బడి పంతులమ్మ చప్పుడు విని వచ్చి, సంగతి విని, అంబులెన్సుకు ఫోను చేసింది. అది రావడానికి చాలాసేపు పడుతుందన్నారని, తన కారు తాళాలు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒక్కడే నేల మీద కూలబడి, తలుపుల సందుకు నోరు ఆనించి మాట్లాడుతున్నాడు.

మాట్లాడుతూ ఉండమన్నాడు, ఏం మాట్లాడాలి? లైటు తీశావా, కుళాయి కట్టావా, మిగిలింది పారేశావా. ఇన్నేళ్ళుగా ఆయన ఆమెతో మాట్లాడిన మాటలు ఇవే. ఇప్పుడు వేరే మాట కోసం వెతుక్కుంటే నోటికి ఒక్కటీ రాలేదు.

"ఎంతసేపయింది ఎక్కి?" అన్నాడు చివరికి.

"ఎక్కగానే... ఆగింది."

"తలుపు కొట్టాల్సింది. నేను మెట్లెక్కి పోయానే, ఇక్కడి నుంచే!"

"వినపడింది. పాట పాడుకుంటూ వెళ్ళారు. చాలా... దగ్గరగా వినపడింది."

"మరి పిలవలేదేం?"

చాలాసేపు ఈల చప్పుడొక్కటే వచ్చింది. ఆమె మాటలు కూడబలుక్కుంటోంది. "నాలుగింటికి... మీరే వేస్తారుగా. అప్పుడు మెల్లిగా... దిగిపోదామని. లిఫ్టెక్కానని... మీకు తెలీకుండా."

తను పైన నిద్రపోతున్నంతసేపూ ఆమె ఆ చీకట్లో కూర్చుని ఉంది. పిలిస్తే పలికే దూరంలో మొగుడి అడుగులు విని, నోరు మూసుకుంది. ఊపిరాడకపోవడం కంటే ఆయన చూపుకే ఎక్కువ భయపడింది. అంత భయం తను ఎప్పుడు పెట్టాడు? ఒక్కనాడు అరిచి ఎరగనే అనుకున్నాడు.

"ఇంకెప్పుడూ అడగను. ఎక్కు. రోజూ ఎక్కు. వింటున్నావా?"

జవాబు లేదు.

"ఏమే!"

గీకిన చప్పుడు లేదు. ఈల చప్పుడు కూడా లేదు. ఆయన ఇంతకాలం ఆ తలుపుకు చెవి ఆనించి చప్పుడు లేకపోతే చాలనుకున్నవాడు. ఇప్పుడు అదే తలుపుకు చెవి ఆనించి, ఏదో ఒకటి, దగ్గో మూలుగో, వినబడితే చాలని వింటున్నాడు. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. రెండు చేతులతో తలుపును బాదాడు. అరిచాడు. ఆ మనిషి అంత గట్టిగా అరవగలడని ఆ భవనంలో ఎవరికీ తెలీదు. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ మెట్ల మీదికి వచ్చారు, ఎవరికీ ఏం చెయ్యాలో తెలీక ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

మెకానిక్కు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. ఆయనవైపు చూడకుండానే మేడ మీదికి పోయి, మోటారు బ్రేకు వదులు చేసి, చేత్తో చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. లిఫ్టు మూలుగుతూ కొంచెం కొంచెం కదిలింది. మెకానిక్కు దిగొచ్చి కంపెనీ తాళంచెవి తిప్పాక తలుపు తెరుచుకుంది.

ఆమె మూలన గోడకు జారగిలబడి ఉంది. చెప్పులు ఒళ్ళో ఉన్నాయి. సంచి గుండెలకు అదుముకుని ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. టైలరు, మెకానిక్కు కలిసి ఆమెను ఎత్తుకుని కిందికి తీసుకుపోతుంటే, ఆయన తన చెప్పులు మూడో అంతస్తులోనే మరిచి వెనకాల దిగాడు. కారులో ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాడు. సన్నటి వెచ్చదనం. పోతోంది, మళ్ళీ వస్తోంది. పోయిన ప్రతిసారీ ఆయన ప్రాణం కూడా దానితోనే పోయి వచ్చింది.

దగ్గర్లోని చిన్న ఆస్పత్రిలో ఆమెను మంచం మీద వేసి, సూది వేసి, పక్కనే నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండరు నుంచి గొట్టం తెచ్చి మొహానికి తొడుగు పెట్టారు. గాలి సన్నగా బుసకొడుతూ పోతోంది. చాలాసేపటికి ఆమె పెదాల రంగు కొంచెం మారింది. డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఇంకాస్త ఆలస్యమైతే నేను చేసేదేం ఉండేది కాదు. ఇప్పటికీ గండం గడిచిందని చెప్పను. రేపటిదాకా ఆక్సిజన్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు" అంది. తరవాత ఆమె సంచిలోంచి నర్సు తీసిన మందు గొట్టం చూపించింది. "చేతిలో మందు పెట్టుకుని ఎందుకు పీల్చలేదండీ ఈవిడ? ఇది దాదాపు నిండుగా ఉంది."

"పీల్చానని చెప్పిందే" అన్నాడు.

"పీల్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

ఆ గొట్టం కొన్ననాడు తనేమన్నాడో ఆయనకు గుర్తొచ్చింది. చేతిలో ఉంది కదా అని ఊరికే పీల్చేయకు, ప్రాణం మీదికొస్తే వాడుకో అన్నాడు. ప్రాణం మీదికి రావడమంటే ఎంతవరకో చెప్పలేదు. ఆమే ఆ చీకట్లో కూర్చుని, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అని నిర్ణయించుకుంటూ పోయింది. డాక్టరమ్మ కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు.

చెక్కు పుస్తకం టైలరు చేత ఇంటినుంచి తెప్పించాడు. కౌంటరులో ఎంత కట్టమంటే అంతకూ సంతకం చేశాడు. ఎందుకింత అని అడగలేదు. అలా అడగకుండా సంతకం చెయ్యడం ఇంత తేలికా అనిపించి, ఆ తేలికతనానికే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని వార్డులోకి వచ్చాడు.

ఆమె కళ్ళు మూసుకుని పడుకుంది. తొడుగు మొహానికే ఉంది. దుప్పటి సర్దుతూ ఆయన ఆగిపోయాడు. ఏదో లేదు. ఏం లేదో ఒక్క క్షణం అర్థం కాలేదు. బుస చప్పుడు లేదు.

సిలిండరు మీద ముల్లు సున్నా దగ్గర నిలబడి ఉంది.

"సిస్టర్!" అని కేక పెట్టాడు. నర్సు పరిగెత్తుకొచ్చి, సిలిండరు చూసి, గబగబా మర తిప్పింది. గాలి మళ్ళీ బుసకొట్టింది. "ఎవరు కట్టేశారు దీన్ని? ఎవరు ముట్టుకున్నారు?" అని నర్సు చుట్టూ చూసి కసిరింది.

ఆమె కళ్ళు తెరిచింది. తొడుగు లోపలినుంచి మెల్లిగా అంది. "నేనే. ఇప్పుడు కాస్త బాగానే ఉంది కదా అని. గంటకింత అని రాస్తారట, పక్క మంచం ఆవిడ చెప్పింది."

ఆమె ఆయన మొహాన్నే చూస్తోంది. ఆ కళ్ళలో చావు భయం లేదు. ఇన్నేళ్ళుగా లైటు తియ్యడం మరిచిన ప్రతిసారీ ఉన్న భయమే ఉంది.

"ఇంకెప్పుడూ కట్టకు. నీకు పుణ్యముంటుంది, కట్టకు" అన్నాడు, ఆమె చేతులు రెండూ పట్టుకుని. "ఎంతైనా కానీ. అర్థమైందా?"

ఆమె తలూపింది.

నడిచి వెళ్ళమన్నప్పుడు ఊపినట్టే ఊపింది. మందు దాచుకుని వాడమన్నప్పుడూ అలాగే ఊపి ఉంటుంది. ఆయన చెప్పిన ప్రతి మాటకూ ఆమె అలాగే తలూపింది. ఆ ఊపు వెనక ఏముందో ఆయన ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు ఎంత చూసినా కనబడటం లేదు. తను నమ్మమంటే ఆమె నమ్ముతుందా? తనైతే నమ్ముతాడా?

నర్సు వెళ్ళిపోయింది. ఆయన కుర్చీని సిలిండరుకూ మంచానికీ మధ్యకు లాక్కుని కూర్చున్నాడు. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో, తను లేచి వెళ్ళడం కోసం ఎదురు చూస్తోందో తెలియలేదు. ఆయన ఆమె చేతులు వదల్లేదు.